అటకమీది పెట్టెలు

గడచిన మాఘమాసమున నేను ఇల్లు మారితిని. ఉద్యోగస్థులు మూడేండ్లకొకమారు ఇల్లు మారుదురు. లంకలలోని రైతులు గోదావరి పొంగినప్పుడెల్ల మారుదురు. అరువదియెనిమిదేండ్లు ఒక్క కప్పు క్రింద బ్రదికినవాడు, అందులోను వస్తువులు కూడబెట్టు వ్యసనము గలవాడు, మారుట మాత్రము వేరుమాట. ఆ యనుభవమును మీతో చెప్పుకొనవలెనని యీ ప్రసంగమునకు పూనుకొంటిని.

మా గ్రామము పి. గన్నవరమునకు చేరువను వైనతేయ గట్టున నున్నది. మాది మా ముత్తాతగారు కట్టించిన మండువా లోగిలి. నాలుగు వైపుల వసారాలు, నడుమ వాన కురియు మండువా, వీధివైపు రెండరుగులు, వంటయింటినుండి పడమటి గదివరకు టేకుపలకల అటక. ఏటేట వేసవిలో పెంకు నేయింపవలెను. ఆ పని తెలిసినవారు ఇప్పుడు దొరకుట లేదు. దూలములకు చెదపట్టినది. నా మోకాళ్లకు ఏమి పట్టినదో వైద్యులు చెప్పిరి కాని నాకు జ్ఞాపకము లేదు. కాకినాడలోనున్న మా పెద్దవాడు తన యింటి మేడమీద రెండు గదులు మాకై సిద్ధపరచి, "నాన్నగారూ, వానాకాలం వచ్చిందంటే మీరిద్దరూ ఆ ఇంట్లో ఎలా ఉన్నారోనని నాకు నిద్రపట్టదు. ఇంక వచ్చేయండి" అనెను. కాదనుటకు నాకు కారణము దొరకలేదు. కాని రెండు గదులు! మా అటకయే ఆ రెండు గదులకన్న పెద్దది.

ముప్పదియైదేండ్లు ఉన్నతపాఠశాలలలో తెలుగు పండితుడనుగా నుంటిని. జీతము వచ్చిన దినమున బియ్యమునకు ముందు పుస్తకము కొన్న నెలలు కలవు. అది గాక, చినిగిన పుస్తకములకు అట్టలు కట్టుట నాకు చిన్ననాటినుండియు వ్యసనము. దానికి వలయు సరంజామా యంతయు మా యింట నుండెడిది. కుట్టుసూదులు, దారపుండలు, కాలికో గుడ్డ చుట్టలు, అంచులు కోయు కత్తులు, మా ఊరి వడ్రంగి చేసియిచ్చిన బిగింపు కొయ్యలు మూడు, మైదాపిండి ఉడికించు ఇత్తడి గిన్నె. ఆ జిగురులో ఇంచుక మైలుతుత్తము కలిపినచో పురుగు చేరదు. అందువలన ఆ గిన్నెను వంటయింటి గడప దాటనీయకుండుట మా ఇంటి కట్టుబాటు. ఊరిలో ఎవరి రామాయణము చినిగినను నాయొద్దకే వచ్చుచుండెను. కట్టిన పుస్తకములు కొన్ని తిరిగి వెళ్లినవి. కొన్నింటికై యజమానులు రాలేదు. అవి అటక యెక్కినవి.

ఇక పంచాంగములు. మా తాతగారి నాటినుండి ఒక్కయేడును తప్పకుండ ఉన్నవి. పంచాంగము సంవత్సరము దాటినచో పనికిరాదని లోకమందురు. మావారు దాని అంచులలో తొలివాన పడిన దినమును, కాలువకు నీరు వదలిన దినమును, కొబ్బరికాయల వెలను, ఆవు ఈనిన దినమును వ్రాయుచుండిరి. 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు స్థాపించిన 'భారతి' 1991లో నిలిచిపోయినది గదా, అందులో పదునెనిమిదేండ్ల సంచికలు నేను కట్టిన సంపుటములుగా నుండెను. పాత రేడియో పెట్టెలు రెండు, ఒకటి పలుకును, ఒకటి పలుకదు. గంటములు తొమ్మిది. తాళపత్రపు కట్టలు ఇరువదిరెండు.

మా యింటిది ఇవన్నియు దింపించి మండువా చుట్టును పేర్పించి, నడుమ నిలుచుండి, "కొన్నవి దాచారు, ఇచ్చినవి దాచారు. ఊళ్లోవాళ్లు పారేసినవి కూడా ఏరుకొచ్చి దాచారు. నేను పుట్టింటినుంచి తెచ్చుకున్న భోషాణంలో నా చీర ఒక్కటైనా ఉందేమో చూడండి" అనెను. చూచితిని. లేదు. అందులో వార్తాపత్రికల ఉగాది సంచికలుండెను.

మా పెద్దవాడొక ఉపాయము చెప్పెను. "అన్నీ ఫోనుతో ఫోటోలు తీసేద్దాం నాన్నగారూ. చోటూ అక్కర్లేదు, పురుగూ పట్టదు." ఉపాయము మంచిదే. పంచాంగముల అంచులను మా మనుమరాలు రెండు వారములు కూర్చుండి ఫోటోలు తీసినది. కాని ఒక్కమాట. నేను నలువదియేండ్లుగా విప్పి చదువని కట్ట ఫోనులోనికి పోయినంత మాత్రమున ఎవరైనను చదువుదురా?

ఇట్టి సమయమున నాకు పదేపదే బ్రౌనుదొర జ్ఞప్తికి వచ్చుచుండెను. చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1817లో మద్రాసునకు వచ్చి, 1820లో కడపలో ఉద్యోగమున చేరెను. మన రాజమహేంద్రవరమునను కొంతకాలము పనిచేసెను. కడపలో బంగళా కొని, తన సొమ్ముతో పండితులను, వ్రాయసకాండ్రను పెట్టుకొని, ఊరూర తాళపత్రములు తెప్పించి, ప్రతులను సరిపోల్చించి, శుద్ధప్రతులు వ్రాయించెను. అందుకై అప్పులు కూడ చేసెను. అంత కష్టపడి కూర్చినదానిని ఆయన ఓడకెక్కించుకొని పోలేదు. తానింకను ఈ దేశమున నుండగనే మద్రాసు లిటరరీ సొసైటీ వారికి అప్పగించెను. అంతకుముందు కర్నల్ మెకంజీ, లేడన్ అనువారు కూర్చినవియు, ఈయన యిచ్చినవియు కలిసి మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమునకు మూలధనమైనవి. ఆయన లండనునకు పోయి 1884లో గతించెను. ఆయన పుస్తకములు మాత్రము ఇక్కడనే నిలిచినవి. ఇల్లు విడుచువాడు పెట్టెలు కట్టుటకు ముందే ఎవరికేది చేరవలెనో తేల్చుట యన్న నిదియే.

మన సీమవారిలోను అట్టివారు లేకపోలేదు. ముక్తేశ్వరమున జన్మించిన జయంతి రామయ్య పంతులుగారు 1911లో మద్రాసున ఆంధ్రసాహిత్యపరిషత్తును స్థాపించిన వారిలో ముఖ్యులు. పరిషత్తు తరువాత కాకినాడకు చేరినది. పిఠాపురపు మహారాజావారి పోషణమున వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువునకు పాటుపడినవారును ఆయనయే. గ్రాంథికభాషా వివాదమున ఆయన పట్టినపట్టు విడువలేదు. నేను ఈ కాలమున ఈ భాషలో మీతో మాటలాడుచుండుటకు ఆయన పక్షమును నమ్మిన నా గురువులే కారణము. మా మనుమరాలు దీనిని విని నవ్వును. నవ్వనిండు. పరిషత్తు కూర్చిన తాళపత్రములు కాకినాడలో నేడును ఉన్నవి. కనుక నా కట్టలును ఆ పట్టణమున ఒక గ్రంథాలయమునకు ఇచ్చివేయుదునని నిశ్చయించుకొని, ఒక్కొక్కటే విప్పి, దుమ్ము తుడిచి, పేరు, ఎన్ని కమ్మలున్నవి, ఎవరు వ్రాసిరి, నాకెట్లు వచ్చినది యని చీటి వ్రాసి కట్టుటకు మొదలిడితిని.

ఈ చివరి ప్రశ్నయొద్దనే చిక్కు వచ్చినది. ఇరువదియొక్క కట్టలకు సమాధానము వ్రాసితిని. ఇరువదిరెండవదానికి కలము సాగలేదు. అది నాది కాదు.

అది పోతనగారి దశమస్కంధము. 1985లో రాజోలు తాలూకాలోని ఒక గ్రామమున ఒక వృద్ధపండితులను ఆశ్రయించి, పాఠభేదములు వ్రాసికొని రెండు మాసములలో తిరిగి యిచ్చెదనని తెచ్చితిని. ఆయన అట్టి వస్తువును గడప దాటనీయు అలవాటు లేనివారు. నాపైని వాత్సల్యముచేత ఇచ్చిరి. మరుసటియేడు, అక్షయ నామ సంవత్సరమున, అనగా 1986 ఆగస్టులో, గోదావరికి వచ్చిన వరదను మీలో పెద్దలు మరచియుండరు. ధవళేశ్వరము ఆనకట్టయొద్ద సెకనుకు 35 లక్షల ఘనపుటడుగుల నీరు పారినది. మా ఊరి ఎగువను గట్టు తెగినది. రాత్రి రెండవజామున నీళ్లు మండువాలోనికి వచ్చినవి. నేను లాంతరు పట్టుకొని నా కట్టలన్నిటిని ఒక్కటొక్కటిగా అటకమీదికి అందించితిని. వ్రాతపీటమీద చదువుచున్నది చదువుచున్నట్లే ఉన్న ఆ దశమస్కంధము తెల్లవారువరకు నాకు జ్ఞాపకము రాలేదు. నా వస్తువులు ఎక్కినవి. పరుల సొమ్ము మూడు దినములు నీటిలో నుండెను.

తాళపత్రము నీట తడిసినంతనే అక్షరములు కరగిపోవు. గంటముతో గీసిన గీత నిలుచును. గీతలో పూసిన మసి మాత్రము కడిగికొని పోవును. మసి మరల పూయవచ్చును. కాని కమ్మలు ఒకదానికొకటి అంటుకొనును, బూజు పట్టును, విడదీయబోవ పొరలు లేచును. చేతనైనంత వరకు నీడన ఆరబెట్టితిని. నూటపండ్రెండు కమ్మలలో పదునాలుగు చెడినవి. వరద తీసిన పిదప ఆ పండితులు కార్డు వ్రాసిరి: "మీరందరును, గ్రంథమును క్షేమమా?" క్షేమమేయని జవాబు వ్రాసితిని. చెడిన కమ్మలను అచ్చుప్రతి చూచి క్రొత్తగా వ్రాసి, కట్టలో చేర్చి ఇత్తునని నా తలంపు. అచ్చుపుస్తకములు ఎన్నియో యుండగా ఈ కట్ట చెడినను లోకమునకు లోటేమియని మనస్సునకు చెప్పుకొంటిని. శ్రీతాళపు ఆకులు దొరకలేదను నెపమొకటి. 1991లో ఆయన గతించిరి. పరామర్శకు వెళ్లి, అరుగుమీద కూర్చుండి, ఆ మాట యెత్తక వచ్చితిని. ధాత సంవత్సరమున, 1996 నవంబరు 6వ తేదీ తుపానుకు మా కప్పు సగము లేచిపోయినప్పుడు ఆ కట్టను మాత్రము అన్నిటికన్న ముందు దించి గుండెకు హత్తుకొంటిని. అప్పటికి దానిని కాపాడుకొనవలసిన మనిషి లేడు.

మా రెండు గ్రామములకు నడుమ దూరమెంతయనుకొందురు? గన్నవరము అక్విడక్టు దాటిన గంటసేపటి ప్రయాణము. ఆ గంట నాకు దాదాపు నలువదియేండ్లు పట్టినది.

లారీ మాటలాడుకొన్న దినమునకు ముందునాడు ఆ కట్టను ఎఱ్ఱగుడ్డలో చుట్టుకొని బయలుదేరితిని. ఆ యింట ఇప్పుడు పండితులవారి కుమార్తెయొక్కతెయే యున్నది. ఆమెకు డెబ్బదియారేండ్లు. నన్ను గుర్తుపట్టి, "రండి మాస్టారూ, ఎన్నాళ్లకెన్నాళ్లకు!" అని పీటవాల్చినది. జరిగినదంతయు చెప్పితిని. వరద, కార్డు, నా జవాబు, అన్నియు. ఆమె కోపపడలేదు. కట్టను ఒడిలో పెట్టుకొని, "ఆఖరు ఆకులు ఉన్నాయాండీ?" అని మాత్రమడిగెను.

నేను పాఠభేదములు వెదకినవాడనే గాని చివరి రెండు కమ్మలను శ్రద్ధతో చూచినవాడను కాను. ఆ యింట కాగితములు వచ్చి ఎన్నాళ్లయినను, బిడ్డల పుట్టుకలను మాత్రము ఆ కట్ట చివర గంటముతోనే వ్రాయు ఆచారమట. "నాకు ముందు ముగ్గురు పుట్టి పోయారు మాస్టారూ. అమ్మ వాళ్ల మాట ఎత్తేది కాదు. పేర్లు నాన్నగారు ఇందులో రాశారని ఒక్కసారి అంది. నేను ఈ రాత చదవలేను. మీరు చదవండి."

దీపపు మసిలో నూనె కలిపి కమ్మపై పూసి తుడిచితిని. అక్షరములు మెల్లగా నల్లబడి పైకివచ్చినవి. మొదటి బిడ్డ పేరు, సంవత్సరము, మాసము, తిథి చదివితిని. రెండవ బిడ్డవి చదివితిని. ఆ పేర్లు నేనిచ్చట చెప్పను. అవి ఆ యింటివి. చివరను విరోధి సంవత్సర కార్తికమున, అనగా 1949లో, ఈమె పుట్టుక స్పష్టముగా నున్నది. నడుమ మూడవ బిడ్డ పేరున్న చోట కమ్మ అంచు పొడియైనది.

"మూడో పేరు?" అని ఆమె అడిగెను.

"ఆ చోట ఆకు చెడినదమ్మా. నావల్లనే చెడినది" అంటిని.

ఆమె కొంతసేపు ఊరకుండెను. పిదప లోనికి వెళ్లి కాఫీ తెచ్చి, "చల్లారిపోతుంది, తాగండి" అనెను. నేను కాకినాడ గ్రంథాలయము మాట యెత్తితిని. అక్కడ తాళపత్రములను కాపాడు ఏర్పాట్లున్నవి, పదిమందికి ఉపయోగపడునని చెప్పితిని. "నేనున్నన్నాళ్లూ నా దగ్గర ఉండనివ్వండి మాస్టారూ. తర్వాత మీ ఇష్టం" అనెను. ఇష్టము నాదెట్లగును? అయినను ఆమె కోరినందున గ్రంథాలయము పేరు ఒక చీటిపై వ్రాసి కట్టకు కట్టి వచ్చితిని. పలకలు వదులుగా నున్నచో కమ్మలు వంగునని, త్రాడు గట్టిగా బిగించుట, ఏటికొకమారు నిమ్మగడ్డి నూనె పలుచగా పూయుట చూపితిని.

మరునాడు లారీ అమలాపురము, ముమ్మిడివరము, యెదుర్లంక దాటి యానాము వంతెన మీదుగా పోయినది. ఇరువదియొక్క కట్టలు గ్రంథాలయమున చేరినవి. భారతి సంపుటములను నేను పనిచేసిన పాఠశాలల విద్యార్థులు ఇద్దరు పంచుకొనిరి. పలుకని రేడియోను పాతసామానుల వర్తకునికి ఇచ్చితిని. మా యింటిదానికి భోషాణము ఖాళీగా అప్పగించితిని. అందులో ఆమె ఇప్పుడు చీరలు పెట్టుకొన్నది. పంచాంగములను, ఒక బిగింపు కొయ్యను మాత్రము మంచము క్రింద దాచుకొంటిని. గంటములలో ఒకటి జేబులో నున్నది.

మూడవ పేరునకు మొదటి అక్షరము పొడికానిచోట ఒక దీర్ఘము వలె కనబడినది. 'సీ' యో 'శ్రీ' యో తెలియలేదు. ఆనాడు నాయొద్ద మంచి భూతద్దము లేకుండెను. కాకినాడలో ఒకటి కొని, నిమ్మగడ్డి నూనె సీసాతో కలిపి సంచిలో పెట్టియుంచితిని. ఆషాఢమున వానలు పడకమునుపే ఒకమారు అక్కడికి పోవలెను.