అల్పాయుష్కులైన శునకాలు

జంతులోకంలో సామాన్యంగా దేహం పెద్దదైనకొద్దీ ఆయువు కూడా దీర్ఘమవుతుంది. చుంచెలుక రెండు మూడేండ్లు బ్రతికితే, ఏనుగు 60 ఏండ్లు దాటి బ్రతుకగలదు. శునకాల విషయంలో మాత్రం ఈ సూత్రం తలక్రిందులైనది. పొట్టికాళ్ల చిన్న డాక్స్‌హండ్ సుమారు 14 ఏండ్లు బ్రతుకుతూ ఉండగా, దూడంత ఎత్తున నిలిచే గ్రేట్ డేన్ 10 ఏండ్లు నిండితే దీర్ఘాయువే అనుకోవాలి. ఐరిష్ ఉల్ఫ్‌హౌండ్‌కు, స్విట్జర్లాండు దేశపు బెర్నీస్ మౌంటెన్ డాగ్‌కు కూడా ఇంచుమించు ఇదే గతి.

దీనికి కారణమేమి? 2013లో కోర్నేలియా క్రౌస్ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు 74 జాతుల శునకాల మరణవివరాలను పరిశీలించారు. దేహభారం 2 కిలోలు పెరిగిన ప్రతిసారీ ఆయువులో సుమారు ఒక నెల తగ్గుతున్నదని లెక్క తేల్చారు. పెద్ద కుక్కలలో వార్ధక్యం అతివేగంగా సాగుటయే ప్రధాన కారణమన్నారు. పుట్టినప్పుడు అరకిలో తూగే గ్రేట్ డేన్ పిల్ల ఏడాది తిరిగేసరికి 50 కిలోలవుతుంది. ఆ తొందర ఎదుగుదలకు దేహం చెల్లించే మూల్యం గుండెజబ్బు, ఎముకల కేన్సరు, కడుపు ఉబ్బి మెలిపడే ప్రాణాంతక వ్యాధి.

ఏనుగుకు ఈ చిక్కు లేదా? కేన్సరును అణచే పి53 అనే జన్యువు మానవునిలో ఒక్కటే ఉండగా, ఏనుగులో దాని ప్రతులు 20 ఉన్నవని 2015లో తేలినది. ప్రకృతి లక్షలాది సంవత్సరాలు తీసికొని, దేహాన్ని పెంచుతూ దానికి తగిన రక్షణను కూడా సమకూర్చినది. మనుష్యుడు అంత ఓపిక పట్టలేదు. ఐర్లండులో తోడేళ్లు నశించిన తరువాత ఉల్ఫ్‌హౌండ్ జాతి కూడా దాదాపు అంతరించినది. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధంలో కెప్టెన్ గ్రాహం మిగిలిన కొద్దిపాటి సంతతికి డీర్‌హౌండ్, గ్రేట్ డేన్‌ల రక్తం కలిపి దానిని పునరుద్ధరించాడు. కొద్ది తరాలలోనే ఎత్తు వచ్చినది, ఆయువు రాలేదు.

దోషమంతా భారానిదే అనుకొనరాదు. ఫ్రెంచ్ బుల్‌డాగ్ చిన్న కుక్కయే. కాని ముఖం చదునుగా ఉండాలన్న మోజుతో ముక్కు కుదించినందువలన దానికి ఊపిరి పీల్చుటయే కష్టమైనది. 2024లో బ్రిటనులో 5 లక్షల 84 వేలకు పైగా కుక్కల వివరాలను పరిశీలించగా, అన్ని జాతులకూ కలిపి మధ్యస్థాయువు 12.5 ఏండ్లుగా, ఫ్రెంచ్ బుల్‌డాగ్‌కు 9.8 ఏండ్లుగా తేలినది.

మన నగరాలలో కూడా ఈ జాతులను ముచ్చటపడి కొనేవారున్నారు. కొనేముందు పిల్ల అందం కాదు, దాని తల్లిదండ్రుల గుండె, తుంటికీళ్లు, శ్వాస ఎట్లున్నవో విచారించాలి. పోషణలో ఒక మెలకువ ఉన్నది. లాబ్రడార్ కుక్కలను జతలుగా పెంచి, జతలో ఒకదానికి నాలుగవవంతు తక్కువ తిండి పెట్టి చూడగా, మితంగా తిన్నవి దాదాపు రెండేండ్లు ఎక్కువ బ్రతికినవని 2002లో వెల్లడించారు. పశువైద్యుని సలహాతో తిండిని మితపరచి, కుక్కను ఒళ్లు చేయనీయకపోవడం ఏ యజమానికైనా సాధ్యమే.

మన భారతకథ ఆరంభంలోనే సరమ అనే దేవశుని జనమేజయుని ఎదుటికి వచ్చి, ఏ తప్పూ చేయని తన బిడ్డను నీ తమ్ములు కొట్టారని నిలదీస్తుంది. జనమేజయునివద్ద దానికి సమాధానం లేదు. గుండె చెదరి ఆరేడేండ్లకే ఒరిగిపోయే ఈ మూగజీవాలు మనలను అడుగదగిన ప్రశ్న కూడా అదే. వాటి రూపాన్ని కోరినది మనము. కోరికను మార్చుకోవలసినది కూడా మనమే.