ఉత్తరను ఎవరడిగారు?



పురాణ కథల్ని సినిమాలు వక్రీకరిస్తున్నాయన్న గొడవ మనకు కొత్త కాదు. 2023లో 'ఆదిపురుష్' వచ్చినప్పుడు కూడా రావణుడి వేషం మీద, హనుమంతుడి మాటల మీద పెద్ద రగడే జరిగింది. నా అభ్యంతరం అది కాదు. వ్యాసభారతంలో శశిరేఖ లేదు. పెద్దలు కుదిర్చిన సంబంధం వద్దని, మనసిచ్చినవాణ్ణే కోరుకున్న ఆ పిల్లను జనమే కల్పించుకున్నారు. 1957లో 'మాయాబజార్' ఆమెను అందరి ఇంటి పిల్లను చేసింది. కథ మారడం తప్పు కాదు. ఎవరి కోసం మారుతోందన్నదే ప్రశ్న.

2024లో వచ్చిన 'కల్కి 2898 ఏడీ' తీసుకుందాం. భారతంలో అశ్వత్థామ నిద్రిస్తున్న ద్రౌపది కొడుకుల్ని చంపి, ఉత్తర గర్భం మీదికి అస్త్రం వేసి శాపం పొందుతాడు. సినిమాలో అతనే వేల ఏళ్ల తర్వాత మరో గర్భవతికి రక్షకుడవుతాడు. చేసిన పాపం కడుక్కునే అవకాశం మగవాడికి దొరికింది. మరి ఉత్తర? వంశం నిలిచిందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు గానీ, భర్తను పోగొట్టుకున్న ఆ చిన్నపిల్లకు ఏం కావాలో అడిగినవారు లేరు. ద్రౌపది ప్రాయోపవేశానికి కూర్చుని న్యాయం అడిగింది. స్త్రీపర్వంలో గాంధారి కృష్ణుణ్ణే నిలదీసింది. పాత కావ్యంలో ఉన్న ఈ నిలదీత కొత్త సినిమాకు అక్కర్లేకపోయింది.

సినిమాలో ఒక ప్రయోగశాల ఉంది. అక్కడ స్త్రీలకు పేర్లుండవు, నంబర్లుంటాయి. వాళ్ల గర్భాల నుంచి పాలకుడికి కావలసిన ద్రవం తీస్తారు. ఇదంతా ఊహ అనుకుంటున్నారా? 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ గర్భనిరోధక ఇంజెక్షన్ కోసం వచ్చిన ఆడవాళ్లకు అది ప్రయోగమని కూడా చెప్పలేదు. స్త్రీశక్తి సంఘటన, మరికొందరు కలిసి 1986లో సుప్రీంకోర్టుకు వెళ్లవలసి వచ్చింది.

'సమ్-80' అనే ఆ స్త్రీ ప్రాణాలకు తెగించి తప్పించుకుంటుంది, సుమతి అవుతుంది. ఆ తెగువ ఆమెదే. కానీ ఆశ్రయమిచ్చినవారికి ఆమె కాబోయే దేవుడి తల్లి. అక్కడ గర్భం సరుకు, ఇక్కడ గర్భం గుడి. సరుకైనా, గుడైనా మనిషి మాత్రం కనబడదు.

మన చట్టం నడిచిన దారీ ఇదే. 2021 నాటి సరోగసీ చట్టం అద్దె గర్భాల వ్యాపారాన్ని నిషేధించింది. సొంత బిడ్డ ఉన్న స్త్రీ ఒక్కసారి మాత్రం, ప్రతిఫలం లేకుండా మోయవచ్చంది. వ్యాపారం పోవలసిందే, సందేహం లేదు. కానీ ఇంట్లో పెద్దలు త్యాగం చెయ్యమంటే కోడలు కాదనగలదా? ఆ ఒత్తిడిని చట్టం ఎలా కొలుస్తుంది?

అందుకే సంఘాల సమావేశాల్లో ఈ సినిమాల గురించి మాట్లాడటం కాలక్షేపం కాదంటాను. దేవుడు ఎప్పుడు పుడతాడని కాదు, బిడ్డ సంగతి అలా ఉంచి సుమతికి ఇంకేం కావాలని అడగండి. జవాబులు సినిమా గురించే ఉండవు. తమ గురించి చెప్పడం మొదలుపెడతారు. మన పని అక్కడ మొదలవుతుంది.