కార్డుల మీద అద్దకం



పండగ శుభాకాంక్షలన్నీ ఇప్పుడు సెల్‌ఫోనులోనే వచ్చి పడుతున్నాయి. పొద్దున వచ్చినవి సాయంత్రానికి చెరిపేస్తున్నాం. అలాంటిది మన చేత్తో చేసిన కార్డు ఒకటి అందితే పారెయ్యడానికి ఎవరికీ మనసొప్పదు. బీరువాలో చీరల మడతల కింద దాచుకుంటారు. దాచుకుంటారు కనుకనే, పదేళ్ళ తర్వాత తీసినా రంగు వెలవకుండా, రాసిన మాట కనబడేలా ఉండాలి గదా! కార్డుకు నేపథ్యం అద్దుకోవడంలో అసలు చూసుకోవలసింది ఈ సంగతే.

ముందు ఇంకు మాట. ఆఫీసు ముద్రలకు వాడే ఊదారంగు స్టాంపు ప్యాడు చవకే కాని, ఎండ తగిలితే వెలుస్తుంది. ఫౌంటెన్ పెన్నుల్లో పోసే మామూలు నీలం ఇంకు చెమట చెయ్యి తగిలినా పాకుతుంది. బొమ్మల సామాను అమ్మే షాపుల్లో డై ఇంకు, పిగ్మెంట్ ఇంకు అని రెండు రకాల ప్యాడులు దొరుకుతాయి. డై ఇంకు కాగితంలోకి ఇంకి వెంటనే ఆరుతుంది. పిగ్మెంట్ ఇంకు పైనే నిలుస్తుంది, ఆరడానికి టైము పడుతుంది, కాని వెలుతురుకు బాగా తట్టుకుంటుంది. దాచుకునే కార్డుకు నేను రెండోదే వాడమంటాను. అయితే నున్నగా మెరిసే కాగితం మీద అది ఎంతకీ ఆరదు. కొంచెం గరుకుగా, దళసరిగా ఉండే డ్రాయింగు షీటు తీసుకోండి. చదరపు మీటరుకు 200 గ్రాముల పైన ఉంటే అలలు తేలకుండా నిలుస్తుంది.

స్టెన్సిల్ అంటే మనకు కొత్తేమీ కాదు. సంక్రాంతికి అమ్మే చిల్లుల ముగ్గు గొట్టం చేసే పని అదే! దీనికి పాత ఎక్స్‌రే ఫిలిము భేషుగ్గా ఉంటుంది (ఇక అక్కర్లేదని డాక్టరుగారు చెప్పిందే సుమా). బ్లీచింగ్ నీళ్ళలో నానేస్తే నల్లపూత వదిలిపోతుంది. చేతులకు తొడుగు వేసుకోండి. పువ్వూ ఆకూ కత్తిరించడం తేలికే, చిక్కంతా మన అక్షరాలతో. 'సంక్రాంతి' అని కోశారనుకోండి, రెండు సున్నాల కడుపులూ ఊడి పడి, వాటి చోట నల్లటి బొట్లు పడతాయి. అందుకని సున్నా చుట్టూ పూర్తిగా కోసెయ్యకుండా, పైనా కిందా బియ్యపుగింజంత వెడల్పు వంతెనలు వదలాలి.

రంగు అద్దడానికి పొడి స్పాంజి ముక్క చాలు. ఇంకులో తాకించి, ముందు పాత పేపరు మీద నాలుగుసార్లు తట్టి, అప్పుడు స్టెన్సిల్ మీద నిటారుగా అద్దండి. పక్కకి రుద్దితే అంచు కిందకి ఇంకు పోయి పువ్వు అలుక్కుపోతుంది. స్టెన్సిల్ తీశాక దానికి అంటుకుని మిగిలిన రంగును కడిగెయ్యకండి. తిరగేసి కవరు మీద ఒత్తితే చుట్టూ రంగు పడి మధ్యలో అదే పువ్వు ఖాళీగా తేలుతుంది, కార్డుకూ కవరుకూ జోడీ కుదురుతుంది.

ఇక రబ్బరు స్టాంపు. పిల్లల పెన్సిల్ రబ్బరు పెద్దది ఒకటి కొనండి. ట్రేసింగు కాగితం మీద పెన్సిలుతో గీసి, గీసిన వైపు రబ్బరుకు ఆనించి గోటితో రుద్దితే బొమ్మ దానంతటదే తిరగబడి దిగుతుంది. 'శ్రీ' అని గీసినా ముద్ర సరిగ్గానే పడుతుంది. బ్లేడుతో కోసేటప్పుడు గీతకు అడుగు వెడల్పుగా ఉండేలా బయటికి వాలుగా కొయ్యాలి, లేకపోతే ఒత్తినప్పుడు గీత వంగిపోతుంది. అంత ఓపిక లేకపోతే బెండకాయ ఉండనే ఉంది. అడ్డంగా కోసి, తడి గుడ్డకు ఒత్తి, అద్దితే అయిదు రేకుల పువ్వు!

పెడన అద్దకంవారిని చూసినవారికి తెలుసు, టేకు అచ్చును బట్ట మీద పెట్టి పిడికిలితో గుద్దుతారు. రబ్బరు మీద మాత్రం అంత బలం చూపకూడదు. ఒక్కసారి తిన్నగా ఒత్తి, తిన్నగా పైకి లేపడమే.

నేపథ్యానికి పనికొచ్చే అసలు కిటుకు ఇది. ఇంకు అంటించిన స్టాంపును మొదట పాత కాగితం మీద ఒత్తండి, మళ్ళీ ఇంకు అంటించకుండా రెండోసారి కార్డు మీద ఒత్తండి. ఆ రెండో ముద్ర పాత చీర మీది పువ్వులా లేతగా పడుతుంది. దాని మీద మీరేం రాసినా అక్షరం తేలి కనబడుతుంది. మొదటి ముద్రలు అందంగా ఉన్నాయని అవే కార్డంతా నింపేస్తే, అమ్మకు రాసిన నాలుగు ముక్కలూ ఆవిడ కళ్ళద్దాలకు అందవు. చెయ్యి చాపినంత దూరంలో పెట్టి చూడండి. మాట కంటే ముందు పువ్వు కంటికి తగిలితే రంగు ఎక్కువైనట్టే. రాసే చోట ముందుగానే కోడిగుడ్డు ఆకారంలో కాగితం ముక్క కప్పి, చుట్టూ అద్ది, ఆ ముక్క తీసేస్తే ఇంకా మంచిది.

కొవ్వొత్తి రుద్ది పైన నీళ్ళరంగు పూసే పద్ధతి కూడా చూడముచ్చటగా ఉంటుంది కాని, మైనం ఉన్నచోట పెన్ను పట్టదు. దాన్ని అంచుకే ఉంచండి.

అయిన కార్డులు ఒకదాని మీద ఒకటి పేర్చకుండా రాత్రంతా ఆరనివ్వండి. స్టాంపును తడి గుడ్డతో తుడిచి, పొడి గుడ్డతో అద్ది, ఎండ తగలని డబ్బాలో పెట్టుకుంటే వచ్చే ఉగాదికీ అదే పనికొస్తుంది.