గాయపడిన శునకము: మన తొలి కర్తవ్యము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



ఇట్టి సభలలో కావ్యములను గూర్చియు పురాణములను గూర్చియు మాటలాడుట పరిపాటి. కార్యదర్శిగారు నన్నును అట్టి విషయమునే గైకొనుమని కోరిరి. నేను భారతముతోనే ప్రారంభించెదను. కాని ముగింపు మాత్రము మన వీధి అరుగు మీదనే జరుగును. అందులకు మన్నింప వేడుచున్నాను.

నన్నయ భట్టారకుని ఆదిపర్వ ప్రారంభముననే సరమ కథ యొకటి కలదు. జనమేజయ మహారాజు కురుక్షేత్రమున సత్రయాగము చేయుచుండగా సరమ యను దేవశునకము యొక్క కొడుకు సారమేయుడు ఆడుకొనుచు అటకు వచ్చెను. ఆ పిల్ల హవిస్సును ముట్టలేదు, దానివంక చూడనైనలేదు. అయినను రాజు తమ్ములు దానిని కొట్టిరి. అది ఏడ్చుచు తల్లికడకు పోయెను. సరమ సభకు వచ్చి, మంచిచెడ్డలు విచారింపక నిరపరాధులకు కీడు చేయువారికి అనుకొనని ఆపదలు కలుగునని చెప్పి వెడలిపోయెను. రాజు భయపడి, ఆ దోషశాంతికై తగిన పురోహితుని వెదకుచు బయలుదేరెను. మహాభారతమంతటి గ్రంథము దెబ్బతిన్న కుక్కపిల్ల ఏడుపుతో మొదలగుట నాకు చిన్ననాటినుండియు ఆశ్చర్యము గొలుపుచుండెను. దాని అర్థము మాత్రము చాల ఆలస్యముగా తెలిసినది.

అయిదేండ్ల క్రిందట ఒక శ్రావణమాసపు సాయంకాలమున మా యింటిముందు ట్రాక్టరు వెనుకకు మరలుచుండగా మా మోతి వెనుకకాలిపై చక్రము పోయినది. రాత్రియెల్ల అది మూలుగుచునే యుండెను. పశువైద్యశాల 14 కిలోమీటర్ల దూరము. మరునాడు ఆదివారము. నా మోకాళ్ల నొప్పులకు వైద్యులు వ్రాసియిచ్చిన ఐబూప్రొఫెన్ మాత్రలు అలమరలో కలవు. నా నొప్పిని తగ్గించునది దాని నొప్పిని తగ్గింపదా యనుకొంటిని. బెల్లములో పెట్టి ఉదయమొకటి, సాయంకాలమొకటి చొప్పున రెండు దినములు తినిపించితిని. అది నా చేతినుండి నమ్మికతో తినెను. మూడవనాడు నల్లని విరేచనములును రక్తముతో వాంతులును మొదలయ్యెను. వైద్యశాలకు చేర్చునప్పటికే కాలము మించినది. వైద్యులవారు కాలిని పరీక్షించి, "ఈ ఎముక అతుకుకొనెడిదే. ఇంటివద్ద ఏమి మందు వేసితిరి?" అని యడిగిరి. చెప్పితిని. వారు మారుమాటాడలేదు.

జనమేజయుని తమ్ములు కోపముతో కొట్టిరి. నేను ప్రేమతో చంపితిని. విచారణ లేనిచోట రెండింటి ఫలమును ఒక్కటే. అందుచేతనే నేడు ఈ విషయము మీముందుంచుచున్నాను.

మొట్టమొదట నిషేధమును చెప్పెదను. మనుష్యుల నొప్పిమాత్రలను కుక్కకు ఎన్నడును వేయరాదు. ఐబూప్రొఫెన్ వలన కుక్కకు జీర్ణాశయమున పుండ్లు పడును, మూత్రపిండములు చెడును. పారాసెటమాల్ దాని కాలేయమును పాడుచేయును, రక్తమునకు ప్రాణవాయువును మోయుశక్తి లేకుండ చేయును. పిల్లికైనచో ఒక్క పారాసెటమాల్ మాత్రయే ప్రాణాంతకము కావచ్చును. కుక్కలకు తగిన నొప్పిమందులు వేరుగ నున్నవి. వానిని దాని తూకమును బట్టి, మూత్రపిండముల స్థితిని బట్టి పశువైద్యుడే నిర్ణయింపవలెను.

ఒకరి ఔషధము మరియొకరికి విషమగుననుటకు మన దేశముననే ఒక పెద్ద నిదర్శనము కలదు. డైక్లోఫెనాక్ అను నొప్పిమందును పశువులకు విరివిగా వాడిరి. ఆ మందు దేహమున నుండగా చనిపోయిన పశువుల కళేబరములను తిన్న రాబందులకు మూత్రపిండములు చెడి అవి గుంపులుగుంపులుగా నశించెను. 1990 తరువాతి కాలమున మూడు జాతుల రాబందులు నూటికి 95కు మించి తగ్గిపోయినవి. అందుచే 2006లో భారత ప్రభుత్వము పశువైద్యమున ఆ మందును నిషేధించెను. జటాయువు సంతతికే ఇట్టి గతి పట్టించిన మాత్రను మన వాకిటి కుక్క నోట వేయుటకు చేయి రాగూడదు.

మరి వైద్యునికడకు చేరులోపల మనము చేయదగినది లేదా? చాల కలదు.

మొదటిది మన రక్షణ. నొప్పిలో నున్న కుక్క పెంచినవానినైనను కరచును. అది ద్రోహము కాదు, భయము. దగ్గరకు మెల్లగా, ప్రక్కనుండి, మృదువుగా పలుకరించుచు పోవలెను. మెత్తని గుడ్డపేలికను మూతిచుట్టు త్రిప్పి, దవడ క్రింద మెలివేసి, చెవుల వెనుక ముడివేయవలెను. కాని వాంతులగుచున్నను, ఊపిరి కష్టముగ నున్నను, మూతికి దెబ్బ తగిలినను మూతి కట్టరాదు. ఒకవేళ కరచినచో ఆ గాయమును సబ్బుతో, ధారగా పడు నీటితో 15 నిమిషములు కడిగి, ఆనాడే ఆసుపత్రికి పోయి రేబీసు టీకా వేయించుకొనవలెను.

రెండవది రక్తము. శుభ్రమైన గుడ్డను గాయముపై నుంచి అయిదు నిమిషములు ఎడతెగక అదిమిపట్టవలెను. ఆగినదా యని మాటిమాటికి ఎత్తి చూడరాదు. గుడ్డ తడిసినచో దానిని తీయక పైన మరియొకటి వేయవలెను. రక్తము కారని మట్టిగాయమును మాత్రము కాచి చల్లార్చిన లీటరు నీటిలో 9 గ్రాముల ఉప్పు కలిపి కడుగవచ్చును. కిరసనాయిలు, ఫినాయిలు, సున్నము, కారము పూయుట వైద్యము కాదు, హింస.

మూడవది కదలిక. నొప్పిని తగ్గించు ఔషధములలో నిశ్చలతయే ప్రథమము. విరిగిన ఎముకను సరిచేయబోరాదు, బద్దలు కట్టరాదు. తెలియని కట్టు వలన విరిగిన కొన లోపలి నరములను కోయును. కుక్కను చెక్కపలకపైకిగాని, నలుగురు పట్టిన దుప్పటిపైకిగాని మెల్లగా జరిపి, వెన్ను వంగకుండ ఎత్తవలెను. చీకటిగ, సద్దు లేకుండ నున్న చోట పరుండబెట్టి, పిల్లలను దూరముగ నుంచవలెను.

నాల్గవది చల్లదనము. వాపు ఎక్కినచోట, చర్మము తెగకున్నచో, మంచుముక్కలను గుడ్డలో చుట్టి 10 నిమిషములు ఉంచవచ్చును. మంచును నేరుగా చర్మమునకు తగిలింపరాదు. కుక్క ఒప్పుకొననిచో బలవంతము వలదు.

అయిదవది అపాయ లక్షణములు. చిగుళ్లు పాలిపోయినవా చూడుడు. చిగురుపై వ్రేలితో నొక్కి విడిచినచో 2 సెకనులలో ఎరుపు తిరిగి రావలెను. రానిచో, పాదములు చల్లబడినచో, ఊపిరి పైపైన ఆడుచున్నచో, దుప్పటి కప్పి తత్‌క్షణము బయలుదేరవలెను. వైద్యుడు చెప్పువరకు ఆహారము పెట్టరాదు. శస్త్రచికిత్సకు మత్తుమందు ఇయ్యవలసివచ్చినపుడు కడుపులోనిది పైకివచ్చి ఊపిరితిత్తులలో చేరు ప్రమాదము కలదు.

వీనన్నిటికంటె ముందే ఎవరైన ఒకరు వైద్యునికి ఫోను చేయవలెను. ఆదివారమని, రాత్రియని నేను చేసినట్లు ఊరకుండరాదు. మన తెలుగు రాష్ట్రములలో 1962 సంఖ్యకు ఫోను చేసినచో సంచార పశువైద్య వాహనము సంగతి తెలియును. ఇంతకుముందు ఏ మందైన వేసియున్నచో దాని పేరును, వేళను దాచక చెప్పుడు. సిగ్గుపడి దాచినచో వైద్యుని చేతులు కట్టివేసినవారమగుదుము.

సోదరులారా! స్వర్గద్వారమున ధర్మరాజు కుక్కను విడువనన్న కథ మనకందరకు కంఠస్థము. విడువకుండుట గొప్పదే. కాని తోడుండుట యొక్కటే చాలదు, తెలిసికొని తోడుండవలెను. ఆ తెలివి నిచ్చుటకే గ్రంథాలయములు పుట్టినవి. మన బీరువాలలో భారతము మూడు ప్రతులు కలవు. పశువైద్యమును గూర్చిన పుస్తకము ఒక్కటియు లేదు. ఆ రాత్రి నేను ఆ పుస్తకమునకై ఇటకు వచ్చియున్నను దొరకెడిది కాదు. అట్టి పుస్తకములు కొనుటకై నాకు తోచిన కొంత మొత్తమును నేడు కార్యదర్శిగారికి అందజేయుచున్నాను. పైన చెప్పిన విషయములను పెద్ద అక్షరములతో వ్రాసి, సమీప పశువైద్యుని ఫోను సంఖ్యను చేర్చి, వాకిటి గోడకు అంటింప ప్రార్థించుచున్నాను.

ఈ వీధిలో మరియొక మోతి మూలిగిన రాత్రి, ఎవరైన అలమర తెరువబోయి, ఆ కాగితము జ్ఞప్తికి వచ్చి చేయి వెనుకకు తీసికొన్నచో, ఈ రజతోత్సవము నా మట్టుకు సఫలమైనట్లే.