ఎనిమిది దినాలు



ఈ స్మారకోపన్యాసం మన బైబిలు స్త్రీల జ్ఞాపకార్థం పెట్టుకున్నది. తాండూరు, ధారూరు, వికారాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో కందిచేల గట్ల మీద నడిచి, మన నాయనమ్మలకు అక్షరం దిద్దించి, వాక్యం కంఠతా పట్టించిన మనుషులు వాళ్ళు. పునాదిరాళ్ళ మీద వాళ్ళ పేర్లు వెతికితే దొరకవు. వాళ్ళను తలుచుకుని మాట్లాడమన్నప్పుడు సందేహం గురించి మాట్లాడతానన్నాను. విశ్వాసం గురించి చెప్పరాదా అని ఒక పెద్దాయన అడిగారు. అయ్యా, దాని గురించే చెప్తున్నాను. గడప గడపకూ తిరిగిన ఆ తల్లులకు ఎదురైనవన్నీ స్తోత్రాలే అయి ఉండవు. బిడ్డ జ్వరంతో మూలుగుతుంటే, మీ దేవుడు వింటడా అని అడిగే ఇల్లు ప్రతి ఊళ్ళోనూ ఉంటుంది. ఆ ఇంట్లోనే కూచుని జవాబు వెతుక్కోవాలి.

మా ఇల్లు అలాంటి ఇల్లే.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు, తమ్ముడికి నాలుగు. నవంబరులో బండి కట్టుకుని ధారూరు జాతరకు పోయాం. మన మెథడిస్టుల జాతర గురించి మీకు నేను చెప్పేదేముంది. వందేళ్ళు దాటింది, కర్ణాటక నుంచీ మహారాష్ట్ర నుంచీ జనం వస్తారు, చెట్ల కింద పొయ్యిలు వెలుగుతాయి, రాత్రంతా ఎక్కడో ఒకచోట పాట సాగుతూనే ఉంటుంది. ఆ ఏడు తమ్ముడికి ఒళ్ళు కాలుతుండగానే బయల్దేరాం. అమ్మ వాణ్ణి పైట కొంగులో చుట్టుకుని మోకాళ్ళ మీద మొక్కింది. ఇంటికి వచ్చిన నాలుగో రోజు వాడు పోయాడు.

తర్వాతి ఆదివారం దేవళం మెట్ల మీద ఒకరు అమ్మ చెయ్యి పట్టుకుని, "నీకు విశ్వాసం చాలలేదమ్మా" అన్నారు. ఆ మనిషి పేరు చెప్పను. ఓదార్పనుకునే అని ఉంటారు. కాని ఆ మాట మా ఇంట్లో తమ్ముడి చావు కంటే ఎక్కువ కాలం ఉండిపోయింది. పిల్లవాణ్ణి పోగొట్టుకున్న తల్లికి, పోగొట్టింది నువ్వేనని చెప్పినట్టయింది.

అమ్మ దేవళం మానలేదు. పాట మానింది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఒకటి ఉండేది ఆమెకు. అట్ట ఊడితే మా నాయన సిమెంటు సంచి కాగితం అతికించాడు. నంబరు చెప్పగానే పేజీ తీసి ఒడిలో పెట్టుకునేది. చరణాలు అవతలి పేజీకి పోయే సమయానికి బొటనవేలితో తిప్పేది, ఒక్కసారి కూడా ఆలస్యం కాకుండా. పెదవులు మాత్రం కదిలేవి కావు. పక్కన కూచుని చూసేవాణ్ణి. అలా రెండేళ్ళు.

చదువుకున్నాక యోహాను సువార్త ఇరవయ్యో అధ్యాయం దగ్గర నేను చాలాకాలం ఆగిపోయాను. తోమా కథ మనందరికీ తెలుసు. అపనమ్మకపు తోమా అని పిల్లల్ని ఆటపట్టిస్తాం కూడా. ఆ మనిషికి మనం అన్యాయం చేశామనిపిస్తుంది నాకు. అంతకు ముందు, యూదయకు పోతే రాళ్ళతో కొడతారని శిష్యులందరూ వెనకాడుతున్న వేళ, పోయి ప్రభువుతో చద్దాం పదండన్నది ఈ తోమాయే. నువ్వు పోయే చోటు తెలియదు, దారెట్లా తెలుస్తుందని మొహమాటం లేకుండా అడిగిందీ ఇతనే. అందరి మనసులో ఉన్నదాన్ని పైకి అనే మనిషి.

తలుపులు మూసుకున్న ఇంట్లోకి ప్రభువు వచ్చిన సాయంత్రం తోమా అక్కడ లేడు. మేము చూశామని మిగతా పదిమంది శిష్యులూ చెప్పారు. గాయాలు చూసి, వేలు పెడితే గాని నమ్మనన్నాడు. తర్వాత ఎనిమిది దినాలు గడిచాయి. ఆ ఎనిమిది దినాల్లో ఏం జరిగిందో యోహాను ఒక్క మాట రాయలేదు. ఎనిమిదో దినాన తోమా ఎక్కడున్నాడో మాత్రం రాశాడు: వాళ్ళతో, ఆ ఇంట్లోనే.

నేను ఆగింది ఇక్కడే. నమ్మని తోమా వెళ్ళిపోలేదు. నమ్మిన పదిమందీ వెళ్ళగొట్టలేదు. ఒకే ఇంట్లో, ఒకే కంచం దగ్గర ఎనిమిది దినాలు. పదిమంది ముఖాలూ వెలిగిపోతుంటే మధ్యలో ఒక్కడు మూగగా. నీకు విశ్వాసం చాలలేదని వాళ్ళలో ఎవరైనా అని ఉంటే తోమా ఆ సాయంత్రం అక్కడ ఉండేవాడా? ఇంకోటి గమనించండి. గాయాలు చూపించినప్పుడు తోమా వేలు పెట్టినట్టు సువార్తలో ఎక్కడా లేదు. పెట్టమని ప్రభువు అనడమే ఉంది. అంతటితో ఆ మనిషి నోటివెంట వచ్చిన ఒప్పుకోలు ఆ సువార్తలోకెల్లా పెద్దది.

మన తెలుగులో విశ్వాసం అనే మాటను పెంపుడు కుక్కకు కూడా వాడతాం. తిన్న ఇంటికి విశ్వాసంగా ఉందంటాం. అక్కడ విశ్వాసమంటే యజమాని గురించి తెలిసిన సిద్ధాంతం ఏమీ లేదు. గేటు వదిలి పోకపోవడమే విశ్వాసం. హెబ్రీలో కూడా ఈ మాటకు స్థిరంగా నిలవడమనే అర్థం. మనం ప్రార్థన చివర అనే ఆమేన్ అదే ధాతువు నుంచి పుట్టింది. గట్టిగా నమ్మడాన్ని ఒక్కదాన్నే విశ్వాసమనుకుంటే మా అమ్మ ఆ రెండేళ్ళూ అవిశ్వాసి. మన భాష చెప్పే అర్థంలో చూస్తే, ఆ దేవళంలో ఆమెను మించిన విశ్వాసి నాకు కనబడలేదు.

మనం తాండూరు వాళ్ళం, బండల మధ్య బతికేవాళ్ళం. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ నాపబండ పరిచి, దాని మీద సుత్తి పిడితో తట్టుకుంటూ పోతాడు. నిండు చప్పుడైతే ముందుకు జరుగుతాడు. డొల్ల చప్పుడు వచ్చిందంటే కింద మాలు సరిగ్గా కూచోలేదన్నమాట, బండ లేపి మళ్ళీ పరుస్తాడు. తట్టినందుకు బండను అవమానించాడని ఎవరైనా అంటారా? రేపు ఆ బండ మీద ఆ ఇంటి మనుషులు నడవాలి, మంచం వేసుకోవాలి, అందుకని తట్టాడు. మన యూత్ పిల్లలు వేసే ప్రశ్నల్లో నాకు ఆ సుత్తి చప్పుడు వినిపిస్తుంది. వాక్యంలో ఇట్ల ఎందుకుంది, ప్రార్థన చేసినా ఎందుకు కాలేదు, మందు వేసుకుంటే నమ్మకం లేనట్టేనా అని అడుగుతారు. ఆ చివరి ప్రశ్నకైతే జవాబు మన కళ్ళ ముందే ఉంది. సువార్త చెప్పడానికి వికారాబాద్ వచ్చిన మన మిషన్ వాళ్ళు బడీ కట్టారు, ఆస్పత్రీ కట్టారు.

మెథడిస్టు ఇళ్ళల్లో ఇద్దరికి ఒకరికి వెస్లీ అని పేరుంటుంది. మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ సంగతి మనకు 1738 మే 24 దగ్గరే ముగుస్తుంది. లండన్‌లో ఆల్డర్స్‌గేట్ వీధి కూటంలో ఆయన గుండె వెచ్చబడింది. ఏటా ఆ రోజు చెప్పుకుంటాం. దానికి రెండేళ్ళ ముందు జార్జియా పోయే ఓడ తుఫానులో చిక్కితే ఆయన చావు భయంతో వణికాడు, పక్కనే మొరేవియన్ క్రైస్తవులు నిబ్బరంగా కీర్తనలు పాడుతున్నారు. అదీ చెప్పుకుంటాం. కాని ఆ గుండె వెచ్చబడిన ఇరవై ఎనిమిదేళ్ళకు, 1766 జూన్‌లో, అరవై మూడో ఏట ఆయన తమ్ముడు చార్లెస్‌కు రాసిన ఉత్తరం సంగతి మన పీఠాల మీద వినబడదు. అందులో కొన్ని మాటలు ఎవరూ చదవకూడదని సంకేత లిపిలో రాశాడు. తాను దేవుణ్ణి ప్రేమించడం లేదనీ, ఎన్నడూ ప్రేమించలేదనీ, కాబట్టి క్రైస్తవుడు నమ్మే తీరులో ఎన్నడూ నమ్మలేదనీ ఒప్పుకున్నాడు. ఎన్ని వేల మందిని విశ్వాసంలోకి నడిపించిన మనిషి రాసిన మాటలివి! అదే ఉత్తరంలో తమ్ముణ్ణి బోధ సడలనివ్వొద్దని హెచ్చరించాడు. తర్వాత 1791లో చనిపోయే దాకా, ఇంకో పాతికేళ్ళు, గుర్రం మీదా బండి మీదా తిరుగుతూ బోధిస్తూనే ఉన్నాడు. ఆ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు నాకు వెస్లీ మీద గౌరవం తగ్గలేదు. అమ్మ పక్కన చాప మీద ఆయన వచ్చి కూచున్నట్టనిపించింది.

తెలుగు బాప్టిస్టు సంఘం పుట్టుక కూడా ఇలాంటిదే. శామ్యూల్ డే దొర 1836లో ఈ దేశానికి వచ్చాడు. ఏళ్ళు గడిచినా నెల్లూరులో కొద్దిమందే నమ్మారు. 1853 నాటికి అమెరికాలో మిషన్ పెద్దలు ఈ తెలుగు మిషన్‌ను మూసేద్దామా అని చర్చకు పెట్టారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద ఐదుగురు ప్రార్థన చేశారు. మిషనరీ జ్యూయెట్ దంపతులు, నర్సు అనే ఆయన, జూలియా, రూతు. మన పుస్తకాల్లో జ్యూయెట్ దొర పేరే ముందుంటుంది. నాకు మాత్రం ఆ చలిలో కొండెక్కిన జూలియా, రూతుల పాదాలు ముందు కనబడతాయి. మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు చేరింది 1866లో, అంటే ఆ ప్రార్థనకు పన్నెండేళ్ళ తర్వాత.

1876–78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళు తవ్వించే పని గుత్తకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. ఆ రోజుల్లో జనం బాప్తిస్మం అడిగితే ఇవ్వలేదు. గింజల కోసం వస్తున్నారేమోనని ఆయన సందేహం. అడిగినవాళ్ళు ఎక్కువగా మాదిగ పల్లెల వాళ్ళు, మనవాళ్ళు. ఆకలిగొన్నవాడి నమ్మకాన్ని శంకించడం తేలిక, ఆ మాట ఇవాళ్టికీ మనల్ని అంటూనే ఉన్నారు. సాయం అయిపోయింది, ఇక ఇచ్చేది ఏమీ లేదని చెప్పినా వాళ్ళు కదల్లేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది నీళ్ళలోకి దిగారు. ఆ అంకె పెద్దదని మనం గొప్పగా చెప్పుకుంటాం. తమ విశ్వాసాన్ని అనుమానించిన గడప దగ్గరే అన్నాళ్ళు కూచున్న ఓపిక గురించి కూడా చెప్పుకుందాం.

సంఘ పెద్దలకు ఒక్క మనవి. మన కూటాల్లో సాక్ష్యం చెప్పడానికి లేచేవాళ్ళు రోగం నయమైనవాళ్ళు, ఉద్యోగం వచ్చినవాళ్ళు. దేవునికి స్తోత్రం. నయం కానివాళ్ళు లేవరు. లేచినా ఏం చెప్పాలో మనం వాళ్ళకు నేర్పలేదు. కీర్తనల గ్రంథంలో ఎనభై ఎనిమిదో కీర్తన చీకటితోనే ముగుస్తుంది, చివరికి ఒక్క వెలుగు మాట లేదు. అయినా దాన్ని తీసేయకుండా ఉంచారు. అలాంటి సాక్ష్యం ఒకటి వచ్చే ఉపవాస కూటంలో వినిపించనివ్వండి. విన్నాక ఎవరూ సలహా చెప్పకండి.

అమ్మ విషయం ముగిస్తాను. తమ్ముడు పోయిన మరుసటి నవంబరులో నాయన జాతరకు పోదామా వద్దా అని అడగలేక వాకిట్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు. అమ్మ అప్పటికే జొన్నరొట్టెలు మూట కడుతోంది. ధారూరులో ఆ రాత్రి అందరూ పాడుతుంటే నేనే ధైర్యం చేసి అడిగాను.

"అమ్మా, నీకు పాట రాట్లేదా?"

"రాట్లేదు బిడ్డా."

"మరి ఎందుకొచ్చినం?"

పొయ్యిలో కట్టె ఎగదోసి, కొంచెంసేపటికి అంది. "యాడికి పోదాం చెప్పు?"

పేతురు కూడా ఒకనాడు ప్రభువును అదే అడిగాడని నాకు అప్పటికి తెలియదు. ఆమెకు తెలుసో లేదో.

ఆమె మళ్ళీ ఎప్పుడు పాడిందో నాకు గుర్తులేదు. ఒక ఆదివారం పాడుతూ ఉంది, అంతే. ఇప్పుడు ఆ కీర్తనల పుస్తకం నా దగ్గరుంది. సిమెంటు కాగితం అట్ట చిరిగింది గాని పేజీలు బాగానే ఉన్నాయి. ప్రతి పేజీ కింది మూల ఆమె బొటనవేలి నూనె మరక నల్లబడి ఉంది. ఏవి పాడుతూ తిప్పిందో, ఏవి పాడకుండా తిప్పిందో తెలుసుకుందామని దీపం దగ్గర పెట్టి చాలాసార్లు చూశాను. మరకలన్నీ ఒక్కలాగే ఉన్నాయి.