నాన్నగారి చేతి పని



మా నాన్నగారు మదనపల్లెలో ఆయిల్ ఇంజన్ల మెకానిక్. పుంగనూరు, కుప్పం పల్లెల నుంచీ రైతులు వచ్చి పిలుచుకుపోయేవారు.

బావిలో నీళ్లు పంపుకు సుమారు 25 అడుగుల కిందికి పోతే పంపు పీల్చలేదు. ఆచరణలో గాలి ఒత్తిడి నీళ్లను ఎత్తగలిగేది దాదాపు అంతవరకే. అప్పుడు ఇంజన్‌నే కిందికి దించాలి. ఎనిమిది మంది మోకులు పట్టేవారు. మోకు జారితే కాళ్లు విరిగేవి. నాన్నగారు ఇనుప పట్టాల మీద జారే చట్రం, దానికి పళ్లచక్రం ఉన్న చేతిమర చేశారు. ఇద్దరు చాలు. పిడి వదిలినా ఇంజన్ జారదు. అడిగినవారికల్లా గచ్చు మీద సుద్దముక్కతో కొలతలు గీసి చూపేవారు. కాగితం మీద పెట్టలేదు. ఆయనతోపాటే ఆ కొలతలూ పోయాయి.

చేనేత కుటుంబంలో పుట్టి, ఆరో తరగతితో బడి మానిన చింతకింది మల్లేశం గారు తల్లి భుజాల నొప్పి చూడలేక 1999లో ఆసు యంత్రం చేశారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. దావూద్ ప్రవక్త (అలైహిస్సలాం) ఇనుప కవచాలు చేసి, చేతి కష్టంతోనే తిన్నారు.

మన సొసైటీ డిగ్రీ పిల్లలకు స్కాలర్‌షిప్ ఇస్తోంది, సంతోషం. ఐటీఐ పిల్లలకు పనిముట్ల పెట్టె కూడా ఇద్దాం. దాంతోపాటు ఒక నోటుబుక్కు ఇచ్చి, చేసిన ప్రతి పనినీ కొలతలతో బొమ్మ గీసి పెట్టమందాం.

చేతి కష్టంతో బతికి వెళ్లిపోయిన మన పెద్దలందరికీ అల్లాహ్ జన్నత్ ప్రసాదించుగాక. ఆమీన్.