బడిలో తెర ఉండాలి, ముందు మాస్టారు ఉండాలి

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)



నాకిచ్చిన అంశం "సాంకేతికత – తరగతి గది బోధన". ఉట్నూరు ఏజెన్సీ బడుల్లో చాలా ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి. కళ్లారా చూసిందే చెబుతాను.

2020లో కరోనాతో బడులు మూతపడ్డాయి. సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్లలో పాఠాలు మొదలయ్యాయి. మంచి పాఠాలే. కానీ మా గూడెంలో టీవీ ఉన్న ఇళ్లు కొన్నే. ఇంట్లో ఒక్క ఫోన్ ఉంటే అది తండ్రితో పాటు చేనుకు పోయేది. సిగ్నల్ కోసం పిల్లలు గుట్ట ఎక్కేవారు. టవర్ వేస్తే, ట్యాబ్ ఇస్తే ఈ కష్టాలు తీరతాయి. వాటితో తీరనిది ఇంకొకటి ఉంది.

బడి తెరిచాక ఒకటో తరగతి పాపకు ట్యాబ్‌లో నీళ్ల గ్లాసు బొమ్మ చూపించాం. "ఏర్" అంది. కొత్తగా వచ్చిన టీచరమ్మ "ఏరు కాదమ్మా, నీళ్లు" అని దిద్దారు. పాప తల దించుకుంది. వారం రోజులు నోరు తెరవలేదు. గోండిలో ఏర్ అంటే నీళ్లే కదా! పాప సరిగ్గానే చెప్పింది. సంగతి తెలిశాక ఆ టీచరమ్మ పాప పక్కన కూర్చుని నాలుగు గోండి మాటలు నేర్చుకున్నారు. బోర్డు మీద ఏర్, నీళ్లు పక్కపక్కన రాశారు. పాప మళ్లీ మాట్లాడింది. పిల్ల తల దించుకుంటే ట్యాబ్‌కు ఏం తెలుస్తుంది?

ఇది మనకు కొత్త సంగతి కాదు. 1943లో హైమన్‌డార్ఫ్ దొర మార్లవాయిలో శిక్షణ కేంద్రం పెట్టినప్పుడు గోండు యువకులనే మాస్టర్లుగా తయారు చేశారు. గోండిలోనే వాచకాలు వచ్చాయి.

అలాగని ఫోన్ వద్దనను. గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. మన అక్షరాలు తెర మీదికి వచ్చే దారి పడింది.

అందుకే నా విన్నపం. చిన్న తరగతుల్లో గోండి తెలిసిన మాస్టారు తప్పక ఉండాలి. సముద్రం, రైలు, సైన్సు ప్రయోగం తెర మీద చూపించండి. వాగును, ఇప్పచెట్టును మాత్రం పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి. చదువుకున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ అవ్వ చెప్పే కథ ఫోన్‌లో రికార్డు చేసి బడికి ఇవ్వండి. పిల్లలు అది విన్నాక మాస్టారు వాళ్లను అడగాలి. వాళ్లు ఏ భాషలో చెప్పినా ఓపిగ్గా వినాలి.

సెలవు. జై సేవా.